వస్తానన్న మనిషి

జెద్దా,
14 నవంబరు 2024

అక్కకు సలాం.

ఇక్కడ నేను బాగున్నానని రాయడం ఆనవాయితీ, రాశాను. అక్కడ మీరంతా బాగున్నారని తలవడం మర్యాద, తలిచాను. ఇక సంగతికి వస్తాను.

నువ్వు మాట తప్పావు. నేను మొదటిసారి ఓడ ఎక్కడానికి ముద్దనూరు స్టేషన్లో బొంబాయి రైలు కోసం నిలబడినప్పుడు, నా చేతిలో చెయ్యి వేసి పీర్ల మీద ఒట్టు పెట్టావు. "సముద్రం మీద ఉండేవానికి అబద్ధం రాయగూడదంట. నేను రాయన్రా" అన్నావు. రెండేళ్ళు తిరగలేదు. 1981 మే నెలలో హాంకాంగ్ రేవులో ఉన్న నాకు టెలిగ్రాం కొట్టావు. అమ్మకు సీరియస్, వెంటనే బయలుదేరు అని. నేను జమ్మలమడుగు చేరేసరికి అమ్మ పొయ్యి ముందర కూర్చుని సెనక్కాయలు వేయిస్తా ఉంది. వాకిట్లో పెళ్ళిపందిరి. మూడో రోజు ఆరిఫాతో నా నిఖా. ఈ సంగతి నలభై మూడేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట నీకు గుచ్చుతూనే వచ్చాను. ఈసారి మొదట్లోనే గుచ్చేశాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చని.

ఫోన్లో మాట్లాడొచ్చు గదా అంటావు. ఫోన్లో నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నా" అంటాను, ఇద్దరం ఊరుకుంటాం. కాగితం మీద అయితే మధ్యలో నువ్వు ఏడవవు. మన జానీ ఎల్లుండి సెలవు మీద ఊరికి పోతున్నాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడ డ్రైవరు పని చేసినవాడు, ఒక ఉత్తరం పోగొట్టడులే.

పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. అక్షరాలు నీ కోడలు జబీవైనా మాటలు నీవే. మొదటిది, మోకాళ్ళ నొప్పి. ఉంది. మూడో అంతస్తు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకూ ఒక్కో మనిషిని తిట్టుకుంటాను. మెట్లు అయిపోతున్నాయి గానీ మనుషులు అయిపోవడం లేదు. రెండోది, కాబా దగ్గర నీ కండ్ల ఆపరేషన్ కోసం దువా చేశానా అని. మూడోది, ఎప్పుడు వచ్చేస్తావని. నాలుగోది ఆ టెలిగ్రాం గురించి. నువ్వు దాని గురించి నోరెత్తడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. వీటికి జవాబులు ఉన్నాయి. అయితే ముందు ఇక్కడ జరిగిన ఒక విషయం తెలియకపోతే అవి నీకు అర్థం కావు.

మా అంగడి ఇంకా ఆ పాత బజారులోనే ఉంది. ఉమ్రా చేయడానికి మక్కా పోయేవాళ్ళకు కుట్టులేని ఇహ్రాం బట్టలు, జపానికి తస్బీలు, నమాజుకు పరుచుకునే జానమాజులు అమ్ముతాం. నాతో ఉండే ఖయ్యూమ్‌ది హైదరాబాదు, మాటకారి. "చాచా, నీ మొహం జూస్తే గిరాకీ మల్లిపోతది. లోపల కూసోని పుస్తకం సదువుకోపో" అంటాడు. నేను లోపల కూర్చుని చదువుకుంటాను. మలేషియా వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం వాడికి నేను కావాలి. ఓడ మీద పనిచేసిన రోజుల్లో పెనాంగు, సింగపూరు రేవుల్లో నేర్చుకున్న మలాయ్ నాకు ఇంకా నాలుక మీద ఉంది.

మూడు వారాల కింద ఒక ఉమ్రా జట్టు వచ్చింది. జెద్దాలో ఒక రోజు ఉండి మక్కాకు పోయేవాళ్ళు. అందులో ఒకామె, యాభై దాటి ఉంటాయి, ఇహ్రాం గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి, "ఇది నేత కాదు, వలరా నాయనా" అన్నట్టు మలాయ్‌లో ఏదో అంది. బట్టల మనిషని తెలిసిపోయింది. నేను ఆమె భాషలోనే, "అమ్మా, వలైతే చేపలన్నా పడతాయి. మా అంగట్లో అవీ పడవు" అన్నాను. నవ్వింది. ఈ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఓడ మీద అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. చేతిలో గుడ్డ కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏ ఓడ? ఏ సంవత్సరాలు?" అంది.

పేరు హలీమా. కొత్తబారు అనే ఊళ్ళో బట్టల దుకాణం ఉందట. కానీ పుట్టింది మలేషియాలో కాదు. వియత్నాంలో, కంబోడియా సరిహద్దున మెకాంగ్ నది ఒడ్డున ఉండే చాము జాతి. అక్కడ తరాలుగా ముస్లిములు వాళ్ళు. నేసేవాళ్ళు, నేసింది పడవల్లో తిప్పి అమ్ముకునేవాళ్ళు. 1981లో ఆమెకు తొమ్మిదేళ్ళు. తల్లి, తమ్ముడు, ఆమె, మొత్తం యాభై రెండుమంది ఒక చేపల పడవలో దేశం విడిచి వచ్చారు.

యుద్ధం అయిపోయిన ఆరేళ్ళకు ఎందుకు పారిపోయారని నువ్వు అడుగుతావు. అప్పట్లో మా ఓడలో ఆఫీసర్లు కూడా అడిగేవాళ్ళు. అడిగి, "అమెరికా మోజు" అని వాళ్ళే జవాబు చెప్పుకునేవాళ్ళు. పత్రికలు కూడా అట్లాగే రాశాయి. ఆ రాసినవాళ్ళలో ఒక్కడైనా తన పిల్లలను చేపల పడవలో కూర్చోబెట్టి సముద్రంలోకి తోసి చూస్తే, మోజు అనే మాట వాడి కలంలోనే ఎండిపోయేది. నేను ఆ తర్వాత ఈ సంగతి మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. నా మంచం కింద రెండు పెట్టెలు అవే. హలీమా తండ్రి అమెరికా పక్షాన ఓడిపోయిన సైన్యంలో గుమాస్తా. యుద్ధం ముగిశాక, పదిరోజులు పాఠాలు చెప్పి పంపిస్తాం, బట్టలు తెచ్చుకో అని కబురు వచ్చింది. పోయాడు. ఆ పదిరోజులు ఇంకా కాలేదు. మగ్గాలు పోయాయి, అమ్ముకోవడం నేరమయింది. కొత్త భూములు సాగు చేయాలని ఊళ్ళకు ఊళ్ళను అడవిలోకి పంపారు. సరిహద్దు అవతలి కంబోడియానుంచి సైనికులు వచ్చి వీళ్ళ ఊరిమీద పడి నరికిపోయింది మరో కథ. ఇంతకన్నా సముద్రమే మేలనుకుంది తల్లి. సముద్రాన్ని ఆమె అంతకు ముందు చూడలేదు.

"ఆరు రోజులకు ఇంజను ఆగిపోయింది" అని చెప్పింది హలీమా. "ఓడలు కనబడేవి. గుడ్డలు ఊపేవాళ్ళం. పోయేవి. ఏడో ఓడ ఆగింది. పొగగొట్టం నల్లది, దాని మీద ఎర్రపట్టీ, పట్టీ మధ్యలో తెల్లచక్రం. దాంట్లోనుంచి ఒకతను తాళ్ళ నిచ్చెన మీద దిగాడు. మా అమ్మ సలాం చెప్పింది. అతను జవాబు చెప్పాడు. చుట్టూ చూశాడు. పైకి పోతూ మలాయ్‌లో 'సాయా దాతాంగ్' అన్నాడు. మా పల్లెల్లో ఖురాను పాఠాలు ఆ భాషలోనే చెప్పేవాళ్ళు, మాకు అర్థమైంది. వస్తాను అని."

అక్కా, నాకు అక్కడ కూర్చోవడం కష్టమైంది. ఖయ్యూమ్ ఎవరికో తస్బీలు లెక్కపెట్టి ఇస్తున్నాడు.

"రాలేదు" అంది ఆమె. "పైనుంచి నీళ్ళ పీపాలు, బిస్కట్ల డబ్బాలు దించారు. ఓడ పోయింది. కానీ అమ్మ పడవను అక్కడినుంచి కదలనివ్వలేదు. తెరచాప కట్టుకుని పడమరకు పోదామన్నారు మగవాళ్ళు. సలాముకు జవాబు చెప్పిన మనిషి, వస్తానన్నాడు, వస్తాడు అని అమ్మ. ఇంకో ఓడ తెస్తాడని అందరూ నమ్మారు. నాలుగు రోజులు."

ఐదో రోజు గాలికి కొట్టుకుపోయి మలాయ్ జాలర్ల కంటబడ్డారు. అప్పటికి ఇరవై తొమ్మిదిమంది ఉన్నారు. ఆమె తమ్ముడు ఆ ఇరవై తొమ్మిదిలో లేడు. తర్వాత బిడాంగ్ అనే దీవిలో శిబిరం. పీతలు పాకే ఇసుక మీద వేలమంది. మిగతావాళ్ళను ఏ దేశమో వచ్చి పిలుచుకుపోయేది, వీళ్ళను ముస్లిములని మలేషియాలోనే ఉండనిచ్చారు. బళ్ళో పిల్లలు 'పడవోళ్ళు' అని పిలిచేవాళ్ళట. "ఒకే దేవుడు, ఒకే నమాజు, అయినా బెంచీ మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు" అంది. తల్లి ఇంటింటికీ తిరిగి బట్టలు అమ్మింది. చచ్చేదాకా పడవ ఎక్కలేదు. వంతెన లేని ఊరికి పెళ్ళికి పిలిచినా పోలేదు.

"మరి ఆ ఓడ మనిషిని మీ అమ్మ తిట్టుకునేదా?" అన్నాను.

"ఎందుకు తిడుతుంది? ఆయన చచ్చిపోయాడు గదా."

ఎవరు చెప్పారన్నాను.

"ఎవరూ చెప్పలేదు. వస్తానని రాలేదంటే బతికి లేడనే. మా కోసం కెప్టెనుతో కొట్లాడి ఉంటాడు, వాళ్ళు సముద్రంలో తోసి ఉంటారు అనేది అమ్మ. మేం ఆయన్ను 'పాక్ దాతాంగ్' అంటాం. వస్తానన్న మామయ్య అని. ఏటా ఆ రోజు మా తమ్ముడికీ, ఆయనకూ కలిపి ఫాతిహా ఇప్పిస్తాం."

నలభై మూడేళ్ళు, అక్కా. ఆరిఫా పోయినప్పుడు దాని మూడోరోజు జియారత్‌కు కూడా నేను రాలేదు. నాకు మాత్రం సముద్రం అవతల ఏటేటా అన్నం వండి పెడుతున్నారు.

ఆమె తల్లి నిరుడు పోయింది. పోతూ ఒక మాట తీసుకుంది. ఆ మనిషి పేరు మీద ఒక ఉమ్రా చేయమని. చనిపోయినవాళ్ళ తరఫున చేయొచ్చు, నీకు తెలుసు. అయితే పేరు తెలియదు. పేరు లేకపోయినా అల్లాకు తెలుస్తుందని వాళ్ళ మసీదు హజరత్ చెప్పారట. "కానీ అమ్మకు పేరు కావాలని ఉండేది. నువ్వు ఓడల మనిషివి. మా బస్సు రేపు పొద్దున. ఎవరినైనా అడిగి చెప్తావా?" అంది.

మర్నాడు పొద్దున వచ్చింది. నేను చెప్పాను. "మస్తాన్ వలీ. తండ్రి పేరు నన్నే సాహెబ్. నువ్వు అనుకున్నట్టే, చచ్చిపోయాడు."

చిన్న పుస్తకంలో రాసుకుంది. నా రెండు చేతులూ పట్టుకుని కండ్లకు అద్దుకుంది. బస్సు పోయింది.

పడవలో నీళ్ళు ఉన్నాయా అని ఆ రోజు కెప్టెను నన్ను అడిగాడు. నీ టెలిగ్రాం అందుకుని, సింగపూర్లో దిగి ఇంటికి పోదామని హాంకాంగ్ నుంచి అదే ఓడలో వస్తున్నాను. వాళ్ళు సలాం అని అరుస్తున్నారు, నువ్వు తురకోడివి గదా, దిగి చూసిరా అని పంపింది ఆయనే. "పడవ మునిగేటట్టుంటే ఎక్కించుకోవాలి, అది సముద్రం చట్టం. ఎక్కించుకుంటే సింగపూర్లో దింపనివ్వరు, ఏదో ఒక దేశం తీసుకుంటానని రాసిచ్చేదాకా ఓడ కదలదు. నెలో, రెండు నెలలో. పడవ బాగుంటే నీళ్ళిచ్చి పంపుదాం. సరిగ్గా చూసి చెప్పు" అన్నాడు. నేను దిగాను. మోకాలిదాకా నీళ్ళు. ఆడవాళ్ళు వంటగిన్నెలతో తోడి పోస్తున్నారు. ఒకామె ఒళ్ళో పిల్లవాణ్ణి పెట్టుకుని సలాం చెప్పింది. నేను పైకి వచ్చి, "పడవ బాగానే ఉంది సార్" అన్నాను.

ఆ 'వస్తాను' మాట ఒకటి. అక్కా, నేను వాళ్ళకు ఏ మాటా ఇవ్వలేదు. మన ఇండ్లల్లో గడప దాటేవాడు పోతాను అంటాడా? వస్తాను అంటాడు. చావింటికి తప్ప ఎక్కడికి పోయి లేచినా అదే. నా నోటికి అలవాటైన తెలుగును నేను మలాయ్‌లోకి మార్చి అన్నాను, అంతే. ఆ మాట పట్టుకుని వాళ్ళు నాలుగు రోజులు నడిసముద్రంలో కూర్చున్నారు. నేను మర్యాద కోసం అన్న మాట.

ఎనిమిది రోజులకు ఆమె మళ్ళీ వచ్చింది, సాయంత్రం విమానానికి పోతూ, నాకు మక్కా జంజం నీళ్ళ డబ్బా ఇచ్చి పోదామని. నేను లోపల ఉన్నాను. ఖయ్యూమ్ బయటినుంచి కేక వేశాడు. "ఓ మస్తాన్ వలీ చాచా, నీ మలేషియా మేడం వచ్చింది సూడు!"

నేను బయటికి వచ్చేసరికి ఆమె సంచిలోనుంచి ఆ చిన్న పుస్తకం తీసి చూస్తోంది. తల ఎత్తి, "నన్నే సాహెబ్?" అంది.

"మా నాయన" అన్నాను.

పుస్తకం మూసింది. తర్వాత ఒకటే అడిగింది. "మా పడవలో నీళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయి. మోకాలిదాకా."

"చూశావా?"

"చూశాను."

ఏడవలేదు. స్టూలు మీద కూర్చుంది. ఎందుకు అంది. టెలిగ్రాం సంగతి చెప్పాను. అమ్మ చావుబతుకుల్లో ఉందనుకున్నాను, ఓడ ఆలస్యమైతే కడసారి చూపు దక్కదనుకున్నాను అని. మీ అమ్మ బతికిందా అని అడిగింది. ఆమెకు ఏమీ కాలేదు, పెళ్ళి కోసం మా అక్క కొట్టిన అబద్ధపు టెలిగ్రాం అన్నాను. ఆ ఒక్కమాట మాత్రం ఎంత తొందరగా చెప్పానో, అక్కా.

"పాపం మీ అక్క" అంది హలీమా. నన్ను అనలేదు.

తర్వాత, "బతికున్నవాడికి నేను చేసిన ఉమ్రా చెల్లదు గదా" అంది. చెల్లదన్నాను. "అయితే అది నువ్వే చేసుకో. ఇక్కడినుంచి గంట దారి." నేను బల్ల మీది తస్బీలు సర్దాను. "క్షమించానని మాత్రం చెప్పను. అది నా ఒక్కదాని సొత్తు కాదు" అని లేచింది. జంజం డబ్బాను వెనక్కి తీసుకోలేదు, నా చేతికీ ఇవ్వలేదు. బల్ల మీద పెట్టింది. "సాయా పెర్గీ" అంది. నేను పోతున్నాను అని.

పోతున్నాను అనే మాట వింటే మనకు ఒళ్ళు జలదరిస్తుంది గదా. "మా వాళ్ళల్లో అట్లా అనరు" అన్నాను. "వస్తాను అంటారు."

"మా వాళ్ళల్లో వస్తానంటే రావాలి" అని పోయింది.

ఇప్పుడు నీ ప్రశ్నలు. రెండోది ముందు. కాబా దగ్గర నీకోసం దువా చేశానని ఇన్నేళ్ళూ రాశాను. చేయలేదు. నేను కాబాను చూడలేదు, అక్కా. నలభై రెండేళ్ళు జెద్దాలో ఉండి, ఇహ్రాం బట్టలు వేలమందికి మడిచి ఇచ్చి, నేను ఒక్కసారీ కట్టుకోలేదు. నీకు పంపిన జంజం కూడా అంగట్లో కొన్నదే. అక్కడికి పోయేవాడు దారిపొడుగునా 'లబ్బైక్' అనాలి. పుస్తకాలు దానికి ఎన్నో అర్థాలు చెప్తాయి. నాకు మాత్రం ఒకటే వినబడుతుంది: వచ్చాను, ఇదిగో వచ్చాను. ఆ మాట నా నోట్లోనుంచి వస్తే నమ్మేదెవరు?

నాలుగోది. జబీ చేత నువ్వు రాయించింది ఒకే వాక్యం. "మస్తానూ, ఆ టెలిగ్రాంలో ఆ మాట లేదని నువ్వు చూసుకోలేదా?"

చూసుకున్నాను.

ముద్దనూరులో ఒట్టు పెట్టినప్పుడు నువ్వు ఇంకొకటి చెప్పావు. ఓడవాళ్ళకు సెలవు దొరకాలంటే ఇండ్లల్లోవాళ్ళు అబద్ధపు టెలిగ్రాములు కొడతారంట, నాయన కొట్టమంటే నేను కాదనలేను, నిజంగా ఆపద వస్తే మాత్రం చివర 'పిచ్చుక' అని రాస్తాను, నిన్ను అట్లా పిలిచేది నేనొక్కదాన్నే గదా అన్నావు. హాంకాంగ్‌లో ఆ కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. పిచ్చుక లేదు. అమ్మకు ఏమీ కాలేదని అక్కడే తెలిసిపోయింది. కెప్టెను కూడా నవ్వి, "పెళ్ళి కుదిరినట్టుంది, పో" అన్నాడు. ఎవరితోనో కూడా ఊహించాను. కడప ఉరుసులో ఒకసారి ఆరిఫాను చూసి ఉన్నాను. నాకు తొందరగా ఇంటికి పోవాలని ఉండింది. అంతే, అక్కా. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నేను ఆలోచించింది నా పెళ్ళి గురించి.

ఆ పిల్లను తర్వాత నేను సరిగా చూడలేకపోయాను. మొహం చూస్తే దాన్ని ఏ ధరకు తెచ్చుకున్నానో గుర్తొచ్చేది. నేను నచ్చలేదా అని ఒకసారి అడిగింది. జవాబు చెప్పకుండా ఇక్కడికి వచ్చేశాను. దాన్ని చివరిదాకా చూసుకున్నది నువ్వు. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నేను నలభై మూడేళ్ళు నిన్ను మాట తప్పినదానివని అన్నాను. నువ్వు ఎందుకు ఊరుకున్నావో నాకు తెలియదు. నిన్ను తిట్టుకుంటేనైనా తమ్ముడు ఉత్తరం రాస్తాడనుకున్నావేమో.

మూడోది, ఎప్పుడు వస్తావని. రేపు శుక్రవారం. మా గది కింద బాబ్జాన్ మక్కాకు బండి తీస్తున్నాడు, నాకు ఒక సీటు ఉంచమన్నాను. హలీమా నలిపి చూసి వలన్న ఆ గుడ్డే కట్టుకుంటాను. అక్కడ 'వచ్చాను' అనే ఆ మాట నా గొంతు దాటి వస్తే, జమ్మలమడుగుకు కూడా వచ్చి అంటాను. రాకపోతే, వస్తానని నీకు ఊరికే రాసి మళ్ళీ ఒకరిని కూర్చోబెట్టను.

ఎవరి మీద ఇంత కోపంరా నీకు అని అమ్మ చనిపోయే ముందు అడిగింది. నాయన పేరు చెప్పాను, కెప్టెను పేరు చెప్పాను, ఆమె మంచం పక్కన కూర్చున్న నీ పేరు కూడా చెప్పాను. అసలు పేరు కింద ఉంది. అది చదివేటప్పుడు గొంతు తగ్గించవద్దని జబీకి చెప్పు. ఈ ఉత్తరం నిజమని తెలియడానికి నీ మాట కూడా దాని కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు,
నన్నే సాహెబ్ కొడుకు మస్తాన్ వలీ.
పిచ్చుక.